నాణెములపై కనిపించని సంవత్సరములు

ఇంటిలో పాత డబ్బాలో పడియున్న చిల్లరను ఒక విద్యార్థి బల్లపై పోసి, రూపాయి నాణెములను మాత్రము ఏరి, వాటిపై ఉన్న సంవత్సరముల ప్రకారము వరుసగా పేర్చినాడనుకుందాము. గణతంత్ర భారతదేశపు నాణెములలో మొదట 1950 అని ఉన్న రూపాయి వస్తుంది. దాని ప్రక్కన 1951 ఉండవలెను గాని, ఎంత వెదకినా అది దొరకదు. తరువాతది 1954. ఆ పైన 1962. 1964లో నెహ్రూ బొమ్మతోను, 1969లో గాంధీజీ శతజయంతికి ఆయన బొమ్మతోను స్మారక రూపాయలు వచ్చినవి. సాధారణమైన రూపాయి మళ్ళీ కనిపించేది 1970లో.

మరి నడుమ సంవత్సరముల నాణెములు ఏమైనవి? పోయినవా, ఎవరైనా దాచుకొన్నారా, లేక టంకశాల తలుపులు మూసివేసినారా? ఈ మూడింటిలో ఏదియు కాదు. ఆ సంవత్సరములలో రూపాయి నాణెమును ముద్రించలేదు. ఎందుకు ముద్రించలేదో తెలిసికొంటే, నాణెముపై ఉన్న సంవత్సరము ఎంత చరిత్ర చెప్పగలదో, లేని సంవత్సరమును అంతే చరిత్ర చెప్పగలదని తేలుతుంది.

ఈ విషయము తెలిసికొనుటకు సికింద్రాబాదు విద్యార్థి దూరము పోనక్కరలేదు. ఏ నిజాము పేరు మీద సికింద్రాబాదు వెలసినదో ఆ సికందర్ జా కాలములోనే, 1803లో, హైదరాబాదులో రాచ టంకశాల ఏర్పడినది. 1903లో అది సైఫాబాదులోని క్రొత్త భవనమునకు మారినది. 1950లో భారత ప్రభుత్వము దానిని స్వీకరించినది. 1997లో సికింద్రాబాదుకు తూర్పున ఉన్న చర్లపల్లికి తరలినది. నేడు మన దేశములో నాణెములు కొట్టే నాలుగు టంకశాలలలో ఇది ఒకటి. తక్కిన మూడు ముంబయి, కోల్‌కతా, నోయిడాలలో ఉన్నవి.

అవసరమునకు లెక్క

పంచాంగము ఏటేట అచ్చు కావలెను. నిరుటి పంచాంగము ఈ ఏడు పనికిరాదు. నాణెము అట్టిది కాదు. నిరుడు కొట్టిన నాణెము ఈ ఏడును చెల్లుతుంది, వచ్చే ఇరువది ఏండ్లును చెల్లుతుంది. కావున టంకశాల ప్రతి సంవత్సరము ప్రతి రకపు నాణెమును కొట్టవలెనన్న నియమము లేదు. ఏ రకము ఎంత కావలెనో రిజర్వు బ్యాంకు అంచనా వేసి ప్రభుత్వమునకు తెలుపుతుంది. ప్రభుత్వము ఆ పనిని టంకశాలలకు పంచి ఇస్తుంది. తయారైన నాణెములు తిరిగి రిజర్వు బ్యాంకు ద్వారానే ప్రజల చేతికి వస్తవి.

ఈ అంచనాను ఒక చిన్న లెక్కతో చూడవచ్చును. ఒక ఊరిలో ఒక రకపు నాణెములు వెయ్యి చలామణిలో ఉన్నవనుకుందాము. ఏడాదికి పది నాణెములు పోవుట, అరుగుట వలన తగ్గుతవి. వ్యాపారము పెరిగి మరి ముప్పది నాణెములు అదనముగా కావలసి వస్తవి. అనగా ఆ ఏడు క్రొత్తవి నలుబది కావలెను. కాని బ్యాంకు పెట్టెలో అప్పటికే తొంబది నాణెములు నిల్వ ఉంటే? మొదటి ఏడు ఒక్కటి కూడ కొట్టనక్కరలేదు. రెండవ ఏడును అక్కరలేదు. మూడవ ఏడు మిగిలిన పది పోను ముప్పది కొట్టితే చాలును. చూచేవారికి రెండు సంవత్సరములు నాణెము మాయమైనట్లు కనిపిస్తుంది. నిజమునకు ప్రజల వాడకము ఏమియు తగ్గలేదు, నిల్వ సరిపోయినదంతే.

ఈ లెక్కలో మరొక విశేషము ఉన్నది. నిల్వ ఏమియు లేదనుకొని, వాడకము నూటికి మూడు వంతులు పెరిగితే నలుబది నాణెములు కొట్టవలెను. అసలు పెరగకపోతే పది చాలును. నూటికి ఒక వంతు తగ్గితే ఒక్కటియు అక్కరలేదు. చూడండి: వాడకములో తేడా నూటికి నాలుగు వంతులే, తయారీలో తేడా నలుబది నుండి సున్నాకు! అందుచేతనే టంకశాల లెక్కలు బజారు లెక్కల కంటె ఎక్కువ ఎత్తుపల్లములుగా ఉంటవి.

ఒక నాణెము చేయవలసిన పనిని మరొకటి చేసిపెట్టినప్పుడు కూడ అవసరము తగ్గుతుంది. రూపాయి నాణెమునకు అట్టి ప్రత్యామ్నాయము రూపాయి నోటు. మొదటి ప్రపంచ యుద్ధ కాలములో వెండి కొరత ఏర్పడి 1917లో మన దేశమున తొలిసారి రూపాయి నోటు వచ్చినది. 1940లో, మరల యుద్ధ సమయమున, దానిని మళ్ళీ ప్రవేశపెట్టినారు. స్వాతంత్ర్యము తరువాత కూడ రూపాయి చెల్లింపులలో పెక్కు భారమును ఈ నోటే మోసినది. కనుక నికెలును దిగుమతి చేసికొని రూపాయి నాణెములను ఏటేట కొట్టవలసిన తొందర లేకపోయినది. నోటు అచ్చు వేయుటకు ఖర్చు తక్కువ గాని త్వరగా నలిగి చిరుగుతుంది. నాణెమునకు ఖర్చు ఎక్కువ గాని చిరకాలము నిలుస్తుంది. ఈ తులాభారములో చివరకు నాణెమే నెగ్గినది. 1994లో రూపాయి నోటు ముద్రణను నిలిపివేసినారు. 2015లో మాత్రము తిరిగి కొన్నిటిని అచ్చు వేసినారు.

అణాల నుండి పైసలకు

1955 నుండి 1961 వరకు రూపాయి నాణెము కనిపించకపోవుటకు మరొక కారణము కూడ కలదు. ఆ సంవత్సరములలో టంకశాలల చేతి నిండ పని ఉండెను. 1957 ఏప్రిల్ 1న మన దేశము దశాంశ పద్ధతిలోనికి మారినది. అంతవరకు రూపాయికి 16 అణాలు, 64 పైసలు, 192 పైలు. ఆనాటి నుండి రూపాయికి 100 నయా పైసలు.

ఇక్కడ గణితము తెలిసిన విద్యార్థి ఒక ప్రశ్న వేయవచ్చును: అన్ని రకముల క్రొత్త నాణెములను ఒకేసారి కొట్టవలసి వచ్చినదా? అక్కరలేదు. పావలా అనగా నాలుగణాలు సరిగా 25 నయా పైసలు. అర్ధరూపాయి సరిగా 50 నయా పైసలు. ఈ రెండింటి విలువ దశాంశ పద్ధతిలో ఏ చిక్కు లేకుండ ఇమిడిపోయినది. కాని ఒక అణా ఆరుంబావు నయా పైసలు. అర్ధణా ఇంకను చిక్కు. చిన్న చెల్లింపులకే క్రొత్త నాణెములు అత్యవసరము. అందువలన 1957లో ఒకటి, రెండు, అయిదు, పది నయా పైసల నాణెములపై ప్రధానముగా దృష్టి పెట్టినారు. అర్ధరూపాయి పాతదే చెల్లుచుండగా యాభై నయా పైసల నాణెమునకు తొందర లేదు. దానిపై కనిపించే మొదటి సంవత్సరము 1960. ఈ మూడేండ్ల ఖాళీ పొరపాటు కాదు, పొదుపు. 1964 జూన్ 1 నుండి ‘నయా’ అను మాటను తీసివేసినారు. కావున ‘నయా పైస’ అని ఉన్న నాణెములన్నియు ఆ కొద్ది ఏండ్లకే పరిమితము.

హైదరాబాదులో ఈ మార్పు ఇంకను పెద్దది. సంస్థానమునకు తన సొంత ‘హాలీ సిక్కా’ ఉండెను. బ్రిటిషు ఇండియా రూపాయిని ఇక్కడివారు ‘కల్దారు’ అనేవారు. ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దారు రూపాయలకు సమానము. 1948లో సంస్థానము భారతదేశములో కలిసిన తరువాత, చార్మినారు బొమ్మ గల ఈ నాణెముల ముద్రణ ముగిసినది. అయినను పాత నాణెములు వెంటనే చెల్లకుండ పోలేదు; 1959 వరకు భారత రూపాయితో పాటు నడిచినవి. ఇక్కడ ముద్రణ ఆగినది అవసరము తీరినందున కాదు. ఆ నాణెమును వేయించే అధికారమే మారినందున.

లోహము వెల

నాణెము ముఖవిలువ ఒకటి, దానిలోని లోహము వెల మరొకటి. లోహము వెల ముఖవిలువను మించినచో కంసాలి కుంపటి ఆ నాణెమును పిలుస్తుంది. జనులు మంచి నాణెములను దాచుకొని, నాసివాటిని బజారులోనికి పంపుతారు. ఎన్ని కొట్టినా టంకశాలకు అలసట తప్ప బజారులో చిల్లర పెరగదు.

బ్రిటిషు ఇండియా వెండి రూపాయి బరువు 11.66 గ్రాములు. దానిలో పండ్రెండింట పదునొకండు వంతులు వెండి. అనగా సుమారు 10.69 గ్రాములు. 1939లో రెండవ ప్రపంచ యుద్ధము ఆరంభమైనది. జనులు వెండిని దాచుట మొదలు పెట్టినారు. 1939 సంవత్సరము గల ఆ మేలిమి రూపాయి నేడు మిక్కిలి అరుదు. 1940 నుండి రూపాయిలో వెండిని సగమునకు, అనగా 5.83 గ్రాములకు తగ్గించి, తక్కిన సగము రాగి, నికెలు, తుత్తునాగములతో నింపినారు. 1947లో వెండి పూర్తిగా పోయి నికెలు రూపాయి వచ్చినది.

యుద్ధము రాగిని కూడ విడువలేదు. 1943లో బ్రిటిషు ఇండియా పైసాకు నడుమ పెద్ద రంధ్రము పెట్టినారు. అంతవరకు లోహము మిగులుతుంది గదా! హైదరాబాదు సంస్థానము కూడ ఆ కాలముననే రెండు పైల కంచు నాణెమును రంధ్రముతో కొట్టించినది. పెద్దల దగ్గర ఇట్టి ఓటికానులు ఇప్పటికిని కనిపించవచ్చును. స్వాతంత్ర్యము తరువాత ఇదే కారణమున 1960ల నడుమ ఒకటి, రెండు పైసల నాణెములు అల్యూమినియమునకు మారినవి. అదియు చాలక, ధరలు పెరిగి చిన్న పైసలతో కొనగల వస్తువే లేకపోయినది. 2011 జూన్ 30తో పావలా, అంతకు తక్కువ విలువ గల నాణెములన్నియు చట్టరీత్యా చెల్లుబాటు కోల్పోయినవి.

వెండి చవుకైనప్పుడు

లోహము ప్రియమైతే నాణెము ఆగుతుందని తెలిసినది. లోహము చవుకైతే? అప్పుడును ఆగవచ్చును. దీనికి 1893 నాటి కథ మంచి ఉదాహరణ.

అంతవరకు బ్రిటిషు ఇండియాలో ఎవరైనను వెండిని కలకత్తా, బొంబాయి టంకశాలలకు తీసికొనిపోయి రూపాయలుగా కొట్టించుకొనవచ్చును. 1870ల నుండి యూరపు దేశములు బంగారు ప్రమాణమునకు మారుట వలనను, అమెరికా గనులలో వెండి విరివిగా పడుట వలనను ప్రపంచమున వెండి వెల పడిపోయినది. చవుక వెండి అంతయు రూపాయిలుగా మారుటకు ఇండియాకు పరుగెత్తినది. ఒకప్పుడు దాదాపు రెండు షిల్లింగులు పలికిన రూపాయి 1892–93 నాటికి షిల్లింగు మూడు పెన్నీల దరిదాపునకు దిగజారినది. ఇంగ్లండుకు బంగారములో చెల్లింపులు చేయవలసిన ప్రభుత్వము ఉక్కిరిబిక్కిరి అయినది. 1893 జూన్ 26న టంకశాలలలో ప్రజల వెండిని రూపాయలుగా కొట్టే పద్ధతిని రద్దు చేసినారు. సరుకు రాక ఆగితే సరుకు విలువ నిలబడుతుందన్న సూత్రమే ఇది. దాని ఫలితముగా 1894, 1895, 1896 సంవత్సరములు గల విక్టోరియా రూపాయిలు లేవు. 1899 కూడ లేదు. రూపాయి విలువ షిల్లింగు నాలుగు పెన్నీలకు చేరిన తరువాత, 1900లో మళ్ళీ పెద్ద యెత్తున ముద్రణ సాగినది.

అచ్చుపై సంవత్సరము నమ్మదగినదా?

ఇంతవరకు నాణెముపై ఉన్న సంవత్సరము అది తయారైన సంవత్సరమేనని అనుకొన్నాము. సాధారణముగా అది నిజమే, ఎల్లప్పుడు కాదు. నాణెమును కొట్టే ఉక్కు అచ్చులోనే సంవత్సరము చెక్కి ఉంటుంది. ఆ అంకెను మార్చకుండ అచ్చులు చేయుచు పోతే, ఏండ్లు గడచినను నాణెములపై పాత సంవత్సరమే పడుతుంది. విక్టోరియా రాణి తొలి రూపాయిలపై 1840 అని ఉన్నది. ఆ సంవత్సరముతోనే 1862 వరకు రూపాయిలు కొట్టినారు. తరువాత 1862 అని వేసి, ఆ అంకెతోనే 1874 వరకు నడిపినారు. 1850 రూపాయి కనిపించలేదని ఆ ఏడు టంకశాల పని చేయలేదనుకొంటే అది పొరపాటు.

దీనికి ఎదురు ఉదాహరణ మన కాలములోనే ఉన్నది. రెండు లోహములతో చేసిన పది రూపాయల తొలి నాణెములపై 2005 అని ఉన్నది. కాని అవి ప్రజల చేతికి వచ్చినది 2009లో.

ఏ టంకశాల నాణెమో కూడ చూడవలెను. సంవత్సరము క్రింద చిన్న నక్షత్రము ఉంటే అది హైదరాబాదుది. వజ్రపు గుర్తు ముంబయిది, గుండ్రని చుక్క నోయిడాది. ఏ గుర్తును లేకపోతే కోల్‌కతాది. హైదరాబాదు ఈ నక్షత్రమును వాడుట 1960లలో ఆరంభమైనది. ఒక ఏడు ఒక రకపు నాణెమును ముంబయి కొట్టి, హైదరాబాదు కొట్టకపోవచ్చును. అప్పుడు నక్షత్రము గల నాణెమునకే ఖాళీ, దేశమునకు కాదు. కొన్నిసార్లు నాలుగింటి శక్తియు చాలదు. నోయిడా టంకశాల పుట్టక ముందు, 1985లో, చిల్లర కరవు తీర్చుటకు రూపాయి నాణెములను బ్రిటనులోను, యాభై పైసల నాణెములను దక్షిణ కొరియాలోను కూడ కొట్టించి తెప్పించవలసి వచ్చినది. 1988లో నోయిడా టంకశాల పని ఆరంభించినది.

గోదాము నిండిన కథ

నాణెములు ఎక్కువై ముద్రణ ఆగుట పాత కథ మాత్రమే కాదు. 2016 నవంబరులో పెద్ద నోట్ల రద్దు జరిగినప్పుడు నోట్ల కొరతను కొంత తీర్చుటకు నాణెములు విరివిగా బజారులోనికి వచ్చినవి. నోట్లు తిరిగి రాగానే చిల్లర బ్యాంకులకు మరలినది. బ్యాంకులలో చోటు లేదు. టంకశాలల నుండి రిజర్వు బ్యాంకు నాణెములను తీసికొనుట మందగించినది. టంకశాలల గోదాములును నిండినవి. 2018 జనవరిలో హైదరాబాదుతో సహా నాలుగు టంకశాలలు చలామణి నాణెముల తయారీని కొద్ది రోజులు ఆపివేసినవి. పైన చెప్పిన వెయ్యి నాణెముల లెక్క ఇక్కడ కండ్లకు కట్టినట్లు కనిపిస్తుంది.

ఆ రోజులలోనే మన తెలుగు పట్టణములలో పది రూపాయల నాణెము చెల్లదన్న పుకారు బలముగా ఉండెను. ఒక నాణెముపై రూపాయి గుర్తు ఉన్నది, మరొక దానిపై లేదు. ఒకదానిపై పది గీతలు, మరొక దానిపై పదునైదు. ‘వీటిలో ఒకటి దొంగది’ అని దుకాణదారు తీసికొనలేదు, బస్సులో కండక్టరు తీసికొనలేదు. నిజమేమనగా, రూపాయి గుర్తు 2010లో గాని రాలేదు. అంతకు ముందటి నాణెములపై అది ఉండుట అసంభవము. నమూనాలు కాలక్రమమున మారినవి. అప్పటికి వచ్చిన పది రూపాయల నాణెములు 14 నమూనాలలో ఉన్నవనియు, అన్నియు చెల్లుతవనియు రిజర్వు బ్యాంకు 2018 జనవరిలోనే ప్రకటించినది. నాణెముపై సంవత్సరమును చదువుట తెలిసినవాడు ఆ పుకారును నమ్మి ఉండడు. తెలియక నష్టపోయినవారు చేతిలో పది రూపాయలు ఉండియు ఒక పూట టిఫిను కొనలేకపోయిన కూలివారు.

తరగతి గదిలో ఒక పరిశీలన

ఉపాధ్యాయులు దీనిని విద్యార్థులచేత స్వయముగా చేయించవచ్చును. ప్రతి విద్యార్థి ఇంటి నుండి రెండు మూడు రూపాయి నాణెములు తెస్తే తరగతికి నూరు నాణెములు చేరుతవి. వాటిని సంవత్సరము వారీగాను, టంకశాల గుర్తు వారీగాను పట్టికలో వ్రాయవలెను. ఏ గడులు ఖాళీగా ఉన్నవో చూడవలెను.

అయితే ఖాళీ గడిని చూడగానే ‘ఆ ఏడు ముద్రించలేదు’ అని తీర్మానించరాదు. చలామణిలోని రూపాయిలలో ఒక సంవత్సరపువి నూటికి ఒకటి చొప్పున ఉన్నవనుకుందాము. ఏరిన ఒక నాణెము ఆ సంవత్సరపుది కాకపోవు సంభావ్యత 0.99. నూరు నాణెములలో ఒక్కటియు కాకపోవు సంభావ్యత 0.99ను నూరుసార్లు హెచ్చించగా వచ్చేది. అనగా సుమారు 0.37. నూరింట ముప్పది యేడు పర్యాయములు, ఆ నాణెము బజారులో ఉండియు మన పట్టికలో కనిపించదన్నమాట! అదే అయిదు తరగతులు కలిసి 500 నాణెములు చూస్తే ఈ సంభావ్యత 0.01 కంటె తక్కువ అవుతుంది. కనిపించకపోవుటకును, లేకపోవుటకును గల తేడా ఇది. విజ్ఞానశాస్త్రములో ఈ తేడాను మరచినవారు పెక్కుసార్లు పొరబడినారు.

పాత నాణెములు కొనేవారు కూడ ఇది గుర్తుంచుకొనవలెను. ‘ఈ సంవత్సరపు నాణెము ఎక్కడను దొరకదు, వేలు పలుకుతుంది’ అని ఎవరైనా అమ్మజూపితే మూడు ప్రశ్నలు వేయవలెను. ఆ ఏడు నిజముగా ముద్రణ తక్కువా, లేక మన కంటబడక పోవుట మాత్రమేనా? దానిపై ఉన్నది ఏ టంకశాల గుర్తు? ఆ సంవత్సరపు అంకె ఎన్ని ఏండ్లు అచ్చుపై నిలిచినది? ఈ మూడింటికి జవాబు వచ్చిన తరువాతనే సంచి మూతి విప్పవలెను.